స్నాతకోపన్యాసంలో రుణపడింది ఎవరు?

కొత్తగూడెంలో దశాబ్దాలుగా గని ఇంజనీర్లను తయారుచేసిన మైనింగ్ కళాశాల 2025లో డాక్టర్ మన్మోహన్‌సింగ్ పేరిట ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మారింది. సింగరేణి ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి, బొగ్గు మీద బతికిన నేలకు సొంత విశ్వవిద్యాలయం రావడం ఆహ్వానించదగినదే. ఆ పట్టాతో బయటికి వచ్చే తొలి తరం విద్యార్థులు రేపు ఒక స్నాతకోపన్యాసం వింటారు. వారిలో భూగర్భ కార్మికుల పిల్లలుంటారు, ఏజెన్సీ గూడేల నుంచి వచ్చినవారుంటారు, ఇంటిలో మొదటి పట్టభద్రులుంటారు. వేదిక మీది వక్త వారికి ఏం చెబుతాడన్నది ఒక ప్రశ్న. ఏ ఉద్దేశంతో చెబుతాడన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. కుల సమాజంలో ఉపన్యాసానికి ఉన్న పనిని అర్థం చేసుకోవాలంటే రెండో ప్రశ్న దగ్గర ఆగక తప్పదు.

ఉపన్యాసంలోని విషయం వేరు, దాని ఉద్దేశం వేరు. ‘కష్టపడితే సాధించలేనిది లేదు’ అనే మాట లేని స్నాతకోపన్యాసం అరుదు. విషయంగా చూస్తే అది ప్రోత్సాహం. ఉద్దేశంగా చూస్తే అది ఒక వివరణ. హాలులో కూర్చున్నవారు ఎందుకు కూర్చోగలిగారో, బయట మిగిలినవారు ఎందుకు మిగిలిపోయారో ఒకే వాక్యంలో తేల్చేసే వివరణ. ఈ వాక్యం మిగతా చోట్ల ఎలా చెల్లుబాటైనా బొగ్గు గనుల నేల మీద మాత్రం నిలబడదు. తట్టా చెమ్మస్ పట్టి పాతికేళ్లు బొగ్గు నింపిన తండ్రి కష్టపడలేదని ఎవరనగలరు? కష్టమే కొలమానమైతే కోల్ ఫిల్లర్ మేనేజరుకు పైన ఉండాలి. కష్టానికీ ఫలితానికీ మధ్య నిలబడిన దాని పేరు ప్రతిభ అని ఉపన్యాసం చెబుతుంది. అందులో కులం, భూమి, చదువుకునే హక్కు ఎంతెంత ఉన్నాయో చెప్పదు.

ఇలాంటి ఉపన్యాసాలన్నింటిలో తరచుగా వినిపించే పదం రుణం. ‘తల్లిదండ్రుల రుణం, గురువుల రుణం, సమాజ రుణం తీర్చుకోండి’ అన్నది దాదాపు ప్రతి వక్త ముక్తాయింపు. వినడానికి ఉదాత్తంగా ఉండే ఈ మాట నిజానికి ఒక లెక్క. ఎవరు అప్పు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎవరు తీర్చాలి అన్నది అందులో ముందే నిర్ణయమై ఉంటుంది. స్నాతకోపన్యాసపు ఉద్దేశాన్ని పట్టుకోవడానికి ఈ ఒక్క పదం వెంట నడిస్తే చాలు.

స్నాతకుడు అనే పదమే ఆ లెక్కలో పుట్టింది. బ్రహ్మచర్యాశ్రమం ముగించి, మంగళస్నానం చేసి, గురుకులం నుంచి ఇంటికి మరలేవాడు స్నాతకుడు. ఆ సందర్భంలో ఆచార్యుడు శిష్యునికి చేసే ఉపదేశం తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో ఉన్నది. మన విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాలకు నేటికీ అదే ఆదర్శ పాఠంగా చలామణి అవుతున్నది. సత్యం పలకమని, ధర్మం ఆచరించమని చెప్పే ఆ ఉపదేశంలోనే ఆచార్యునికి ప్రియమైన ధనాన్ని తెచ్చి సమర్పించమన్న ఆదేశమూ ఉన్నది. బ్రాహ్మణుడు మూడు రుణాలతో పుడతాడని, వేదాధ్యయనం ద్వారా ఋషి రుణం తీరుతుందని తైత్తిరీయ సంహిత చెబుతుంది. అంటే చదువు ఒక రుణం, చదువుకోవడం ఆ రుణాన్ని తీర్చే హక్కు. ఉపనయనమే లేని శూద్రునికి, వర్ణాల వెలుపల నిలిపిన అతిశూద్రునికి, ఏ ఇంటి ఆడపిల్లకూ క్రమంగా ఈ ఖాతాలో చోటు లేకుండా పోయింది. శూద్రునికి మిగిలింది రుణం కాదు, సేవ.

ఖాతాలో చోటు లేనివాడి దగ్గర వసూలు మాత్రం ఆగలేదు. మహాభారతం ఆదిపర్వంలోని ఏకలవ్యుని కథను ఈ కోణంలో చదవాలి. చదువు చెప్పడానికి నిరాకరించిన గురువు, ఆ చదువు పేరిటే దక్షిణ అడిగాడు. ఇవ్వని అప్పుకు వడ్డీతో సహా వసూలు చేసుకున్నాడు. నిషాదుని బొటనవేలు తెగిన ఆ క్షణాన్ని గురుభక్తికి ఉదాహరణగా చెప్పే ఉపన్యాసాలు నేటికీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆ కథ ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి దాని నీతి మారిపోతుంది. ఉద్దేశం అంటే అదే.

ఇప్పుడు ఆ లెక్కను సింగరేణి నేల మీద పరచి చూద్దాం. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకాలకు పూనుకున్నది. 1920 నుంచి అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. నేడు అందులో రాష్ట్ర ప్రభుత్వ వాటా 51 శాతం, కేంద్రానిది 49 శాతం. ఈ చరిత్రను కంపెనీ పేర్లతో, వాటాలతో చెప్పడం సులువు. గోదావరి లోయలో బొగ్గు పొరల పైన ఉన్న అడవి కోయలది, గోండులది అన్న సంగతి ఆ వాటాల్లో ఎక్కడా కనిపించదు. భూగర్భంలోకి దిగి బొగ్గు నింపినవారిలో అత్యధికులు ఊళ్లలో సెంటు భూమి లేక, వెట్టి తప్పించుకుని వచ్చిన దళిత, వెనుకబడిన కులాల వారన్నదీ కనిపించదు. ఊరిలో దొర గడీ ముందు చెప్పులు విప్పినవాడు గని దగ్గర హాజరు పడి కూలి అందుకున్నాడు. అది నిజమైన విముక్తే. అయితే గని లోపలి మెట్ల వరుస కూడా ఊరి మెట్ల వరుసను పూర్తిగా మరువలేదు. మేనేజర్, అండర్ మేనేజర్, ఓవర్‌మ్యాన్, మైనింగ్ సర్దార్, షాట్‌ఫైరర్, చివర కోల్ ఫిల్లర్. ఈ వరుసలో పైకి ఎక్కడానికి కావలసినది చదువు. ఆ చదువు తరాలుగా ఎవరి ఇంట ఉన్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ వరుసలో స్త్రీకి అసలు మెట్టే లేదు. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి దూరంగా ఉంచింది. 2019లో కేంద్రం షరతులతో ఆ నిషేధాన్ని సడలించాకే మైనింగ్ చదివిన అమ్మాయికి గని లోపలి ఉద్యోగం చట్టబద్ధంగా సాధ్యమైంది. 1990ల తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు సగానికంటే బాగా తగ్గిపోయింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు, శాశ్వత కార్మికుల స్థానంలో కాంట్రాక్టు కార్మికులు వచ్చారు. తండ్రి పొందిన ఉద్యోగం కొడుకుకు దక్కని కాలంలో పట్టా ఒక్కటే దారి అయినప్పుడు, ఆ పట్టా అందుకునే చేతికి ‘నువ్వు సమాజానికి రుణపడ్డావు’ అని చెప్పడంలో ఉన్న తలకిందుల లెక్కను చూడాలి. రామగుండం, గోదావరిఖని, మణుగూరు, ఇల్లెందు వెలిగించిన దీపాల కింద చదువుకున్న సమాజమే ఆ ఇంటికి రుణపడి ఉన్నది.

విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆయన ఉపన్యాసాలే ఈ విషయంలో మంచి పాఠం. 2005 జూలై 8న ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రధాని మన్మోహన్‌సింగ్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ వేదిక మీద ఆయన వలస పాలనలో భారతదేశపు వాటా ఎలా కుంగిపోయిందో చెప్పారు. 1700 నాటికి ప్రపంచ ఆదాయంలో 22.6 శాతంగా ఉన్నది 1952 నాటికి 3.8 శాతానికి పడిపోయిందన్న ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ లెక్కను ఉదహరించారు. అదే ఉపన్యాసంలో చట్టబద్ధ పాలన, స్వేచ్ఛా పత్రికలు, ఆధునిక విశ్వవిద్యాలయాలు, వృత్తిగత పరిపాలనా వ్యవస్థ బ్రిటిష్ సంబంధం నుంచి దక్కాయని కృతజ్ఞత చెప్పారు. నష్టం అంకెగా మారింది, కృతజ్ఞత వాదంగా నిలిచింది. సన్మానం అందుకునేవాడి స్థానం ఉపన్యాసాన్ని ఎలా వంచుతుందో ఇక్కడ చూడవచ్చు. దేశంలో దానిపై వచ్చిన విమర్శ కూడా అంకె గురించి కాదు, కృతజ్ఞత గురించే.

ఏడాదిన్నర తర్వాత, 2006 డిసెంబరు 27న, న్యూఢిల్లీలో దళిత, మైనారిటీల అంతర్జాతీయ సదస్సులో అదే వ్యక్తి మాట్లాడారు. అస్పృశ్యతకు సాటిరాగల ఆచారం దక్షిణాఫ్రికా జాతి వివక్ష ఒక్కటేనని అన్నారు. జాతి వివక్షతో కులాన్ని పోల్చడాన్ని అంతర్జాతీయ వేదికల మీద భారత ప్రభుత్వం ప్రతిఘటించిన నేపథ్యంలో దేశ ప్రధాని నోట వచ్చిన ఆ పోలిక చిన్నది కాదు. వక్త ఒకరే. మారింది వేదిక, శ్రోత, లెక్క. మొదటి ఉపన్యాసంలో మాట్లాడినవాడు రుణం తీసుకున్నవాడిగా నిలబడ్డాడు. రెండో దానిలో తన దేశం తన పౌరులకే బకాయి పడిందని ఒప్పుకున్నాడు. ఆయన పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం వీటిలో ఏ ఉపన్యాసాన్ని తన సంప్రదాయంగా స్వీకరిస్తుందో చూడాలి.

బకాయిని ఒప్పుకునే వాక్చాతుర్యానికి తెలుగు నేల నుంచే ఒక ముందడుగు ఉన్నది. 1963లో దేవదాసన్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ, భర్తీకాని రిజర్వుడు పోస్టులను తర్వాతి ఏళ్లకు కలుపుకుపోయే నిబంధనను కొట్టివేసింది. రాజమండ్రిలో పుట్టి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు ఒక్కరే భిన్న తీర్పు రాశారు. మేలుజాతి గుర్రాన్ని, మామూలు గుర్రాన్ని ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తమంటే అది సమాన అవకాశం అవుతుందా అని ఆయన అడిగారు. ఆ ఉపమానానికి ఒక ప్రమాదం ఉన్నది. తేడా గుర్రం పుట్టుకలోనే ఉన్నదనే భావన దానిలో దాగి ఉన్నది. సుబ్బారావు అక్కడ ఆగలేదు. శతాబ్దాల పథకబద్ధమైన అణచివేత ఈ దేశంలో ఒక పెద్ద సమూహాన్ని దాస్యంలోకి నెట్టిందని కూడా రాశారు. ఉపమానం సహజమని చూపించబోయిన దానిని చరిత్ర మనుషులు చేసినదని సరిదిద్దింది. 1975లో ఎన్.ఎం. థామస్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ ఆయన దారికి వచ్చింది.

ఆ తీర్పు వచ్చిన రెండేళ్లకు, 1965 జూన్ 4న, అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ హోవర్డ్ విశ్వవిద్యాలయంలో స్నాతకోపన్యాసం చేశాడు. హోవర్డ్ 1867లో నల్లజాతి వారి చదువు కోసం ఏర్పడిన సంస్థ. పౌరహక్కుల చట్టం వచ్చి ఏడాది కావస్తున్నది, ఓటు హక్కు చట్టం ఇంకా రెండు నెలల దూరంలో ఉన్నది. పట్టభద్రులకు శ్రమించమని చెప్పి కూర్చోవలసిన సందర్భంలో ఆయన వారిని రుణదాతలుగా నిలబెట్టాడు. ఏళ్ల తరబడి సంకెళ్లు వేసి ఉంచిన మనిషిని విడిపించి, పరుగు పందెపు గీత దగ్గరికి తెచ్చి, ఇక నువ్వు అందరితో పోటీ పడవచ్చు అని చెప్పి న్యాయం చేశామనుకోవడం కుదరదన్నాడు. సామర్థ్యం పుట్టుకతో మాత్రమే రాదని, కుటుంబం, ఇరుగు పొరుగు, బడి, పేదరికం దానిని పెంచుతాయి లేదా కుంగదీస్తాయని చెప్పాడు. హక్కుగా ఉన్న సమానత్వం చాలదు, ఫలితంగా కనిపించే సమానత్వం కావాలన్నాడు. సుబ్బారావు గుర్రాల కంటే ఈ ఉపమానం ఒక విషయంలో పదునైనది. సంకెళ్లు ఎవరో ఒకరు వేస్తేనే పడతాయి.

అయితే ఆ ఉపన్యాసాన్ని పూజించనక్కరలేదు. రిచర్డ్ గుడ్విన్, డేనియల్ పాట్రిక్ మోయినిహాన్ కలిసి ముసాయిదా రాసిన ఆ ప్రసంగం రెండో సగానికి వచ్చేసరికి నల్లజాతి కుటుంబ వ్యవస్థ విచ్ఛిన్నత వైపు మళ్లింది. రాజ్యం మీద మోపిన బకాయిలో కొంత భాగం తిరిగి బాధితుల ఇంటి మీదికే వచ్చింది. మన దగ్గర ‘తాగుడు మానితే, పిల్లల్ని చదివిస్తే బాగుపడతారు’ అంటూ వాడల గురించి పెద్దలు చేసే ఉపదేశంలో వినిపించేది ఆ గొంతే. అయినా ఆ ఉపన్యాసం గాలిలో కలిసిపోలేదు. అదే ఏడాది సెప్టెంబరులో ప్రభుత్వ కాంట్రాక్టులు పొందే సంస్థలు వివక్ష చూపరాదని, సమాన అవకాశానికి సానుకూల చర్యలు చేపట్టాలని ఆదేశించే 11246 కార్యనిర్వాహక ఉత్తర్వు వెలువడింది. అర్ధశతాబ్దానికి పైగా అమలులో ఉన్న ఆ ఉత్తర్వును 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం రద్దు చేసింది. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో జాతిని పరిగణించడాన్ని 2023లోనే అక్కడి సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఒప్పుకున్న అప్పును కూడా ఎగవేయవచ్చని ఈ చరిత్ర చెబుతున్నది. ఉపన్యాసాన్ని అది పలికిన రోజు చప్పట్లతో కాక, దాని వెంట వచ్చిన ఉత్తర్వుతో, ఆ ఉత్తర్వు ఆయుష్షుతో కొలవాలి.

రుణం అనే మాటను అంబేడ్కర్ కూడా వాడవలసినంత గట్టిగా వాడారు. ఆయన దృష్టిలో అప్పు ఇచ్చినవాడు వేరు. 1956 మార్చిలో ఆగ్రాలో మాట్లాడుతూ, చదువుకున్న తనవారు తనను మోసగించారని, చదువుకుని సమాజానికి సేవ చేస్తారనుకుంటే గుమాస్తాలుగా మారి తమ పొట్ట మాత్రమే నింపుకుంటున్నారని ఆవేదన చెందారు. ‘పే బ్యాక్ టు సొసైటీ’ అనే నినాదం దళిత బహుజన ఉద్యోగుల్లో బలపడింది ఆ వారసత్వం నుంచే. వేదిక మీది అధికారి చెప్పే సమాజ రుణానికీ అంబేడ్కర్ చెప్పిన సమాజ రుణానికీ అక్షరాలు ఒకటే, దిశ వేరు. మొదటిది విద్యార్థిని పైకి చూసి కృతజ్ఞుడవమంటుంది. రెండోది వెనక్కి తిరిగి, గేటు బయట మిగిలిపోయినవారిని చూడమంటుంది. మొదటిదానిలో మౌనం మర్యాద. రెండోదానిలో మౌనం ద్రోహం. 1953 జనవరిలో ఉస్మానియా విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ పట్టాతో గౌరవం పొందింది ఉస్మానియానే. నీళ్లకుండ తాకనివ్వని బడి నుంచి వచ్చిన మనిషికి ఏ విశ్వవిద్యాలయమూ అప్పు ఇచ్చానని చెప్పుకోలేదు.

స్నాతకోత్సవ వేదిక మీద ఉపన్యాసం చేసే అవకాశం విద్యార్థికి సాధారణంగా ఉండదు. అయినా జవాబు చెప్పే దారి ఉంటుంది. 2016 అక్టోబరు 1న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో వెల్పుల సుంకన్న అనే పరిశోధకుడు వైస్ ఛాన్సలర్ అప్పారావు చేతుల మీదుగా డాక్టరేట్ పట్టా తీసుకోవడానికి నిరాకరించారు. అదే ఏడాది జనవరిలో మరణించిన రోహిత్ వేములతో పాటు సస్పెండైన ఐదుగురిలో ఆయన ఒకరు. చివరికి ప్రో వైస్ ఛాన్సలర్ ఆ పట్టా అందజేశారు. సుంకన్న పట్టాను కాదనలేదు, తన శ్రమ ఫలితాన్ని వదులుకోలేదు. ఎవరి చేతి నుంచి తీసుకుంటే అది దానంగా మారుతుందో ఆ చేతిని మాత్రమే కాదన్నారు. ఒక్క మాట లేకుండా చేసిన ఆ ఉపన్యాసం రుణపు లెక్కను తిరగరాసింది.

పండుగ లాంటి రోజున ఇంత చేదు లెక్కలు ఎందుకని కొందరు అడుగుతారు. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం ఉన్నది. తొలిసారి గౌను తొడుక్కున్న బిడ్డను చూసి వెనుక వరుసలో కళ్లు తుడుచుకునే తల్లిదండ్రుల ఆనందాన్ని ఎవరూ పాడుచేయకూడదు. కాని వారి ఆనందాన్ని చిన్నబుచ్చేది చరిత్ర చెప్పడం కాదు, చెప్పకపోవడం. గనిలో ఊపిరితిత్తులు అరగదీసుకున్న తండ్రి కథను ‘పేదరికాన్ని జయించిన కుర్రాడి’ కథగా మార్చితే తండ్రి ఆ కథలో అడ్డంకిగా మిగిలిపోతాడు. నిజానికి ఆ పట్టాకు మొదటి పెట్టుబడి పెట్టింది ఆయనే. పేదరికం ఒక వాతావరణం లాగా వచ్చి పడిందని చెప్పే ఉపన్యాసం కంటే, దానిని ఎవరు ఎలా కల్పించారో చెప్పే ఉపన్యాసమే ఆ తల్లిదండ్రులకు దక్కవలసిన మర్యాద.

కాబట్టి కొత్తగూడెంలో రేపు మాట్లాడబోయే వక్త నుంచి సాహిత్య సౌందర్యం అడగనక్కరలేదు. మూడు మాటలు అడిగితే చాలు. ఈ విశ్వవిద్యాలయం చదివే భూమి ఎవరి కాళ్ల కింది నుంచి తీసుకున్నదో ఆ ఆదివాసుల పేరు పలకాలి. ఇక్కడి శాస్త్రానికి ప్రయోగశాలగా తమ దేహాలనిచ్చిన గని కార్మికుల కులం, శ్రమ ప్రస్తావనకు రావాలి. ఈ బకాయి తీర్చడానికి ప్రవేశాల్లో, బోధనా పోస్టుల భర్తీలో, ఉపకారవేతనాల చెల్లింపులో, గని ఉద్యోగాల్లో సంస్థ, ప్రభుత్వం ఏం చేయబోతున్నాయో తేదీతో సహా చెప్పాలి. ఈ మూడూ లేని ఉపన్యాసం ఎంత ఉత్తేజకరంగా ఉన్నా అది వసూలు నోటీసే.

విద్యార్థుల పని అంతకంటే తేలిక. వక్త రుణం అనగానే చెవులు రిక్కించి, అప్పు ఎవరి పేరిట రాస్తున్నాడో గమనించాలి. లెక్క తప్పితే సరిచేయాలి. అంతదాకా చదివిన చదువుకు అది తొలి వినియోగం.